పొట్టిదవుతున్న దండెం

జనవరి 6

పిచ్చుకమ్మా,

ఫోన్ చేస్తే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం. నువ్వు "అమ్మా" అంటావు, నేను "ఊఁ" అంటాను, ఆ తర్వాత ముక్కులు చీదుకోవడమే. అందుకే ఈ కాగితం. నేను మూడో తరగతితో ఆగిపోయానని నీకు తెలుసు కదా. తప్పులుంటే నవ్వుకో, దిద్ది మాత్రం పంపకు. నీ బడికి నేను రాసిచ్చిన సెలవు చీటీని ఎర్ర పెన్నుతో దిద్ది నాకే తిరిగిచ్చిన దానివి నువ్వు.

నేను బాగానే ఉన్నాను. లాడ్జిలో పని ఎప్పటిలాగే. పొద్దున్నే పదహారు గదుల దుప్పట్లూ దిండు గలేబులూ వచ్చిపడతాయి. ఉతికి, నీలిమందు పెట్టి, వెనకాల ఒడ్డు మీద ఆరేస్తాను. గోడ కొక్కెం నుంచి సముద్రం వైపు గుంజ దాకా ఒకటే పొడుగు దండెం, నువ్వు చిన్నప్పుడు దాని కింద పరిగెత్తేదానివి. పదహారు దుప్పట్లూ ఒకే వరసలో పట్టి, చివర మన బట్టలకి కూడా చోటుంటుంది. ఇస్త్రీ అక్క నోరు ఏమాత్రం తగ్గలేదు. "నువ్వు పిండితే దుప్పట్లో నీళ్లే కాదు, దాని ప్రాణం కూడా పోతుంది" అంటుంది.

మీ తమ్ముడు పోయి మూడు నెలలయింది. మీ ఆఫీసు కొలతల పడవ తిరగబడ్డ చోటు దండెం దగ్గర నిలబడితే కనిపిస్తుంది. పడవలో మిగతా ఇద్దరూ ఈదుకుంటూ వచ్చేశారు. వాడు రాలేదు. ఇంకా రాలేదు. చూడు ఎలా రాశానో, సినిమాకి వెళ్లినవాడి గురించి రాసినట్టు. దుప్పటికి క్లిప్పు పెడుతూ దాని అంచు మీదుగా అటు చూస్తాను. చూడకూడదనుకుంటూనే చూస్తాను.

వాడివి ఇంట్లో రెండు చొక్కాలు, ఒక జత చెప్పులు, మీ ఆఫీసువాళ్ల కొలిచే టేపు ఉన్నాయి. బయట ఇంకొకటుంది. దండెం గుంజని ఆనుకుని వాడు పాతిన కొలత గుంజ. దాని మీద ఎర్ర రంగుతో మూడు అంకె వేశాడు. చిన్నప్పట్నుంచీ మూడు తిరగేసి రాసే అలవాటు కదా, అక్కడా అలాగే రాశాడు. ఇదేంట్రా అంటే, "సముద్రం చదువుకోడానికమ్మా, అటునుంచి చూస్తే సరిగ్గానే ఉంటుంది" అన్నాడు. రోజూ దుప్పట్లు ఆరేయడం అయ్యాక ఆ అంకె మీద చెయ్యి వేసి వస్తాను.

నువ్వు వేయించిన ఉద్యోగమని ఎంత మురిసిపోయాడో. మీవాళ్లిచ్చిన టోపీ పెట్టుకునే నిద్రపోయేవాడు.

నువ్వెప్పుడొస్తావు? నాలుగు రోజులు ఉన్నా చాలు. రెండు రోజులైనా సరే.

నీ అమ్మ


జనవరి 20

అమ్మా,

దిద్దలేదు. ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు. నాలుగుసార్లు చదివి దిండు కింద పెట్టుకున్నాను.

సెలవు అడిగాను, ఇప్పట్లో దొరికేలా లేదు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

నిన్నొక పని అడగనా? పోయినేడు మీ వైపు సముద్రం అడుగు నుంచి ఓడ ఇసుక తోడింది గుర్తుందా? ఆ ఇసుక తెచ్చి ఈ పట్నం బీచ్ మీద పోశారు. ఇక్కడ జనం దాని మీద గొడుగులు వేసుకుని కూర్చుంటున్నారు. కానీ తోడిన చోట అడుగున పెద్ద గుంట పడుతుంది. ఆ గుంట నిండాలంటే ఇసుక ఎక్కడినుంచో రావాలి. సముద్రం లోపలి నుంచి వస్తే పరవాలేదు. మీ ఒడ్డు నుంచి జారి వస్తే ఒడ్డు తగ్గిపోతుంది. అది చూడ్డానికే తమ్ముడు ఒడ్డు పొడుగునా నాలుగు గుంజలు పాతాడు. ఒడ్డు నిలబడి ఉంటే ఈ ఏటి వానలు తగ్గాక ఓడ మళ్లీ అక్కడికే వస్తుంది. తగ్గుతూ ఉంటే రాదు.

మిగతా మూడు గుంజలకీ అక్కడి మనుషుల్ని కుదిర్చారు. మూడో నంబరు నీ దండెం పక్కనున్నదే కదా, మా అమ్మ చూసుకుంటుందని చెప్పాను. ప్రతి నెలా ఒకటో తారీకున, నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు, గుంజ నుంచి నీటి అంచు దాకా టేపుతో కొలిచి ఎన్ని మీటర్లో రాయి. అంతే.

నీ కూతురు


ఫిబ్రవరి 2

పిచ్చుకమ్మా,

కొలిచాను. ఇరవై రెండు.

గుంజ దగ్గర కొస పట్టుకోమని ఇస్త్రీ అక్కని పిలిచాను. "నేను ఇస్త్రీ పెట్టెకి పుట్టాను గానీ టేపుకి పుట్టలేదు" అంటూనే వచ్చింది. నేను నీళ్ల దాకా వెళ్లి అంకె అరిచాను. నీళ్లు కాళ్లకి తగిలితే వెనక్కి గెంతాను. వాడు పోయాక అంత దగ్గరికి వెళ్లడం అదే మొదలు. ఆవిడ అటునుంచి "ఏమైందే?" అంది. "చల్లగా ఉంది" అన్నాను.

ఇరవై రెండంటే మీ ఆఫీసుకి ఎక్కువా, తక్కువా? నాకేం తెలుసు. వాడు కొలిచిన టేపుతో కొలిచాను, అది చాలు నాకు.

నువ్వు వదిలేసి వెళ్లిన పచ్చ స్వెట్టరు ఉతికి పెట్టాను. మోచేతి దగ్గర చిరిగితే కుట్టాను. ఎప్పుడొస్తావో రాయలేదు.

నీ అమ్మ


ఫిబ్రవరి 16

అమ్మా,

ఇరవై రెండు మంచి అంకె. తమ్ముడు ఆఖరిసారి కొలిచినప్పుడు కూడా ఇరవై రెండే. అది తగ్గకుండా ఉంటే చాలమ్మా, ఇంకేం అక్కర్లేదు. నువ్వు చూసుకుంటున్నావు కాబట్టి నాకు ఆ దిగులు లేదు.

స్వెట్టరు అక్కడే ఉండనీ.

నీ కూతురు


ఏప్రిల్ 3

పిచ్చుకమ్మా,

ఇరవై రెండు. మార్చిలోనూ ఇరవై రెండే, కార్డు మీద రాసి పంపాను, అందిందా? నువ్వు చెప్పావు కదా తగ్గకూడదని. తగ్గనివ్వడం లేదు.

ఇక్కడ దండెం గుంజ మూడోసారి వెనక్కి జరిపాను. జరిపినప్పుడల్లా తాడు మిగిలిపోయి వేలాడుతుంటే కోసేస్తున్నాను. ఇప్పుడు పన్నెండో గది దుప్పటితో దండెం అయిపోతోంది. మిగతావి కంచె మీద వేస్తున్నాను, ముళ్లకి పట్టుకుని చిరుగుతున్నాయి. లాడ్జి మేనేజరు వచ్చి, "అక్కా, దండెం పొట్టిదవుతోందా, నువ్వు పొడుగవుతున్నావా?" అన్నాడు. "నీకు నెత్తి మీద జుట్టు ఎలా వెనక్కి పోతోందో ఇదీ అలాగే పోతోంది" అన్నాను. అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాక తప్పు చేసినట్టనిపించి లోపలికెళ్లి కూర్చున్నాను.

ఒక్కోసారి వాడి చొక్కా కూడా ఉతికి ఆరేస్తాను. ఎవరూ వేసుకోలేదు, మాసిందీ లేదు. గాలికి చేతులు ఊపుతుంది. అందుకని.

నీకు తీరికెప్పుడు?

నీ అమ్మ


ఏప్రిల్ 18

అమ్మా,

దండెం పొట్టిదవడమేంటి? మేనేజరు పెరడు కలుపుకుని గదులు కట్టే ఆలోచనలో ఉన్నాడా? నోరు మూసుకుని ఊరుకోకు, గట్టిగా అడుగు. నువ్వు పాతికేళ్లుగా అక్కడ ఉతుకుతున్నావు.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. ఒకటి, రెండు, నాలుగో నంబరు గుంజలు కనపడటం లేదట. ఎవరో పొయ్యిలోకి పీక్కుపోయి ఉంటారన్నారు. ఇక మిగిలింది నీ గుంజే. మా పెద్దసారు నీ అంకెలు చూసి, "మీ అమ్మగారిది ఒక్కటే నిలబడింది" అన్నారు. "మా అమ్మ వేలెడు తేడా కూడా రానివ్వదు సార్" అన్నాను. ఆ అంకెల కింద నేనే సంతకం పెట్టాను. ఒడ్డు తగ్గడం లేదని రాసుకుని, ఓడకి సెప్టెంబరులో తారీకు ఇచ్చేశారు.

ఇంకో మాట. రాయకూడదనుకున్నాను గానీ ఉండలేకపోతున్నాను. జనవరిలో నువ్వు "నువ్వు వేయించిన ఉద్యోగం" అని రాశావు. రోజూ ఆ మాటే గుర్తొస్తుంది. నాకు తెలుసమ్మా. వాడు హాయిగా సైకిళ్లు బాగుచేసుకునేవాడు. పడవ ఎక్కించింది నేనే. నువ్వా మాట అనకపోయినా నాకు తెలుసు.

నీ కూతురు


మే 4

ఏమే పిచ్చి మొహమా,

నేనేమన్నాను, నువ్వేం విన్నావు? వాడు మురిసిపోయాడని రాశాను. మురిసిపోయాడు కాబట్టి రాశాను. అక్క వేయించిన ఉద్యోగమని వీధిలో కుక్కకి కూడా చెప్పాడు. నాలుగు నెలలుగా ఆ మాట పట్టుకుని కుమిలిపోతూ కూర్చున్నావా అక్కడ? పక్కన ఉండుంటే ఒక్కటిచ్చేదాన్ని. ఆ తర్వాత దగ్గరికి లాక్కునేదాన్ని. ఇంత దూరం నుంచి ఏదీ చేయలేకపోతున్నాను. ఆ కాగితం చింపి పారెయ్.

మేనేజరు ఏమీ కలుపుకోలేదు పాపం, ఊరికే తిట్టకు. కలుపుకుంటున్నది సముద్రం. పోయిన నెల చివర్లో నేను బట్టలు బాదే బండ దాకా వచ్చింది.

అయినా నువ్వేం బెంగపడకు. ఇరవై రెండు ఇరవై రెండుగానే ఉంది. నీళ్లు దగ్గరికొచ్చినప్పుడల్లా దండెం గుంజతో పాటు వాడి గుంజని కూడా పీకి, నీళ్ల నుంచి సరిగ్గా ఇరవై రెండు కొలిచి మళ్లీ పాతుతున్నాను. ఇప్పటికి ఐదుసార్లు. ఆ మిగతా మూడు గుంజలవాళ్లు చూస్తూ ఊరుకుని నీళ్లకి వదిలేసుంటారు. నేను వదులుతానా? వాడినే పట్టుకుపోయింది, వాడు పాతింది కూడా ఇస్తానా?

మీ పెద్దసారుకి చెప్పు, నాలుగిట్లో నిలబడింది ఎందుకు నిలబడిందో.

నీ అమ్మ


మే 13

అమ్మా,

గుంజ కదిపితే అది కొలత కాదమ్మా.

మా పొడుగు చూడ్డానికి నువ్వు గోడ మీద గీతలు గీసేదానివి. మేం ఎదిగినప్పుడల్లా పాత గీత చెరిపేసి పైన గీసి, "చూడండి, పిల్లలు గీతకి మించలేదు" అంటే ఎలా ఉంటుంది? నువ్వు చేసింది అదే. ఒడ్డు ఐదుసార్లు వెనక్కి పోతే నేను ఒక్క అడుగు కూడా పోలేదని సంతకం పెట్టాను. దాన్ని చూసి ఓడ వస్తోంది. మళ్లీ తోడితే నీ బండ, నీ దండెం, లాడ్జి గోడ, వెనక వీధిలో మన ఇల్లు, ఏదీ మిగలదు.

ఇప్పుడు నేను తప్పని చెప్పాలన్నా ఎంత తప్పో తెలియదు. ఆ గుంజ అసలు ఎక్కడుండేదో ఎవరికి గుర్తుంది? గుంజని కాపాడుకున్నావు గానీ వాడు చేసిన పని పోగొట్టావమ్మా.


మే 24

పిచ్చుకమ్మా,

నీ కాగితం అందింది. రెండు రోజులు చేతికి పని తోచలేదు. తొమ్మిదో గది దుప్పటికి రెండుసార్లు నీలిమందు పెట్టాను, ఆకాశంలా అయింది.

గోడ మీద గీత అన్నావు చూడు, అప్పుడర్థమైంది. అంతవరకు నాకు తెలియదు. దండెం గుంజ నీళ్లలో పడేలా ఉంటే వెనక్కి జరుపుతాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. తగ్గకుండా ఉంటే చాలన్నావు కదా, తగ్గకుండా చూసుకోమన్నావనుకున్నాను. సర్లే, ఏమనుకున్నానో ఇప్పుడెందుకు.

అసలు చోటు ఎవరికి గుర్తుంది అన్నావు. నాకు గుర్తులేదు. తాడుకి గుర్తుంది.

కోసేసిన దండెం తాడు ముక్కలు నేను పారేయలేదు. తాడు పారేసే మనిషినా నేను? రెండు ముక్కలు బట్టల మూటలకి కట్టి ఉన్నాయి. ఒకటి నీ చలికాలం బొంతకి కట్టాను. ఒకటి అక్క బొగ్గుల బస్తాకి కట్టుకుంది, ఇమ్మంటే "ఇచ్చింది తిరిగి అడుగుతావేం" అని గునిసి, ఎందుకో చెప్పాక తనే విప్పి ఇచ్చింది. ఐదోది ఎక్కడుందో ఒక పూటంతా తట్టలేదు. చూస్తే వాడి చెప్పుల జతకి కట్టి ఉంది, నేనే కట్టాను.

రెండు గుంజలూ ఆనుకునే ఉండేవి, జరిపినప్పుడల్లా కలిపే జరిపాను. తాడు ఎంత తెగిందో గుంజ అంత వెనక్కి వచ్చినట్టే కదా? ముక్కలన్నీ నేల మీద పరిచి కొలిచాను. మూడున్నర, రెండు, నాలుగు, ఐదు, నాలుగున్నర. అక్క బొగ్గుతో గచ్చు మీద రెండుసార్లు కూడింది. పంతొమ్మిది.

మర్నాడు నీళ్లు బాగా తగ్గాక నేనూ అక్కా మేనేజరూ వెళ్లాం. గుంజ పీకి, దాని చోటు నుంచి గోడ కొక్కేనికి తిన్నగా నీళ్ల వైపు పంతొమ్మిది కొలిచాం. మేనేజరు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, "ఇక్కడక్కా" అన్నాడు. అక్కడ చేత్తో తవ్వాను. మోచెయ్యి దిగేసరికి వేళ్లకి గట్టిగా ఏదో తగిలింది. ఇటుక ముక్కలు. గుండ్రంగా, మధ్యలో ఖాళీ. గుంజ ఊగకుండా వాడు దట్టించినవి. ఆ రోజు లాడ్జి గోడ పక్కన పడున్న ఇటుకలు పగలగొడుతుంటే "ఎందుకురా" అని నేనే కసిరాను. నేను మొదటిసారి గుంజ పీకినప్పుడు అవి లోపలే ఉండిపోయాయి. ఎవరూ వాటిని జరపలేదు. వాడు పెట్టినచోటే ఉన్నాయి.

వాటి మధ్యలో గుంజ దింపాను. బట్టలు బాదే కర్రతో కొట్టాను. అక్క కొడతానంటే ఇవ్వలేదు.

అక్కడినుంచి కొలిచాను. మొదటిసారి నీకు వేరే అంకె రాస్తున్నాను. రెండు. ఇరవై రెండు కాదు, ఉత్త రెండు.

నీళ్లు తిరిగి వస్తుంటే బండ మీద కూర్చున్నాను. మూడు అంకె మునిగేదాకా చూశాను. వాడన్నట్టే అయింది, సముద్రం చదువుకుంది.

మూడో రోజుకి గుంజ లేదు. నేను వెతకలేదు. అబద్ధం, వెతికాను. అటు చివరి దాకా నడిచి వెతికాను. దొరకలేదు.

తాడు ముక్కలు ఐదూ మూటకట్టి పంపుతున్నాను. ఏది ఏ నెల కోసిందో గలేబులకి గది నంబరు కుట్టినట్టు ఎర్ర దారంతో కుట్టాను. ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో రెండు, ఏప్రిల్లో రెండు. రెండు ఇటుక ముక్కలు కూడా పెట్టాను, మీ సారు నమ్మకపోతే చూపించు. ఒకటి నేనుంచుకున్నాను.

వాడి పని నేను పోగొట్టానన్నావు. పోలేదని ఆఫీసువాళ్లు ఒప్పుకుంటే ఒక్క ముక్క రాయి. ఇంకేం అడగను.

నీ అమ్మ


జూన్ 9

అమ్మా,

ఒప్పుకున్నారు.

మూట విప్పగానే గదంతా సబ్బు వాసన. అందరూ తలెత్తి చూశారు. నేను కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆఫీసు వరండాలో ఐదు ముక్కలూ ఒకదాని చివర ఇంకొకటి పెట్టి పరిచాను. పెద్దసారు తలుపు దగ్గర మొదలుపెట్టి తాడు వెంట నడిచారు. మెట్ల దాకా వెళ్లి ఆగారు. ఎర్ర దారం అక్షరాలు వంగి చదివారు. "ఇంత ఒడ్డు నాలుగు నెలల్లో పోయిందా?" అన్నారు. ఇటుక ముక్కలు చూపించి అదెలా తెలిసిందో చెప్పాను. వాటిని చేతిలో తిప్పి చూశారు. "పోయిన మూడు గుంజలు పొయ్యిలోకి పోలేదన్నమాట" అన్నారు ఆఖరికి.

నా సంతకం కొట్టేసి, తప్పు నాదని నా చేత్తోనే రాశాను. నాదే అమ్మా. గుంజ కదపకూడదన్న మాట నీకు ఒక్కసారి కూడా రాయలేదు. అది చెప్పాల్సిన మాటని నాకు తట్టనే లేదు. నీకు అలా రాసినందుకు ఎలా అడగను క్షమించమని?

సెప్టెంబరు తారీకు కొట్టేశారు. కొత్త గుంజలు పాతి ఏడాది కొలిచేదాకా ఓడ మీ వైపు రాదు. మనుషులు వచ్చి లాడ్జి గోడ కూడా చూస్తారు.

కొత్త గుంజలు పాతడానికి ఎవరెళ్తారని అడిగితే నేను చెయ్యెత్తాను.

నీకు ఒక నిజం చెప్పాలి. సెలవు దొరికేలా లేదని రాసింది అబద్ధం. నేను అడగనే లేదు. ఆ నీళ్లని చూడలేను, వాటి పక్కన నిలబడ్డ నిన్ను అసలే చూడలేను అనుకున్నాను. ఇంటికి రానా అమ్మా? 18న పొద్దున బస్సు దిగుతాను, నువ్వు రమ్మంటే.

నీ పిచ్చుక


జూన్ 13

పిచ్చుకమ్మా,

రానా అని అడుగుతావా? సిగ్గులేదూ. ఇంకోసారి అలా రాస్తే ఈసారి నేను ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను.

దండెం మీద ఇప్పుడు ఎనిమిది దుప్పట్లే పడుతున్నాయి. ఆ రోజు ఒకటి తీసేసి ఆ చోట నీ పచ్చ స్వెట్టరు వేస్తాను. బస్సు దిగి సందు మలుపు తిరిగితే కనిపిస్తుంది. కొనకి వాడి చొక్కా కూడా వేస్తాను, నువ్వు వద్దంటే తీసేస్తాను.

కొత్త గుంజ నువ్వే పాతు. వాడిలాగే చుట్టూ ఇటుక ముక్కలు దట్టించు, నా దగ్గరున్నది కూడా అందులో వెయ్యి. ఈసారి నేను ముట్టుకోను. నీళ్లు వచ్చి దాన్ని నాకుతున్నా ముట్టుకోను, ఎంతుంటే అంతే రాస్తాను. నా చెయ్యి ఊరుకోకపోతే పట్టుకుని ఆపుతానని అక్క మాటిచ్చింది.

సముద్రం వైపు చూడలేకపోతే చూడకు. బండ మీద నా పక్కన గోడ వైపు తిరిగి కూర్చో. ఇద్దరి బదులూ నేను చూస్తాను.

దారి చాలా దూరం, నువ్వు కంగారులో ఖాళీ కడుపుతో బస్సెక్కే రకానివి. బయల్దేరే ముందు కూర్చుని, నిదానంగా, కడుపు నిండా తిను.

అమ్మ